మారిషస్ పిల్లలకు మనం ఏ వాద్యం చూపించాలి?

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను. కాఫీ పెట్టుకుని తీరిగ్గా చదవండి.

పోయిన కమిటీ సమావేశంలో వచ్చిన ప్రతిపాదన మీకందరికీ తెలిసిందే. మన ఆదివారం తెలుగు బడి పిల్లలూ, మారిషస్‌లో తెలుగు నేర్చుకుంటున్న పిల్లలూ వీడియోలో కలుసుకోవాలి, ఒకరికొకరు తమ ఊరి పాత వాద్యాలను చూపించుకోవాలి అన్నది ఆ ప్రతిపాదన. రెండు గంటలు మాట్లాడుకున్నాం, తేలలేదు. వాట్సాప్ గుంపులో ఇంకా నడుస్తూనే ఉంది. అక్కడ ఎవరు ఏం రాసినా గుడ్ మార్నింగ్ బొమ్మల కింద మునిగిపోతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. ఈ పని చెయ్యాలి. కానీ ఇప్పుడు అనుకుంటున్న తీరులో కాదు.

ఇప్పుడు వేసుకున్న ప్లాను ఇది. ఒక్క ఆదివారం, నలభై నిమిషాలు. మన పిల్లలు వీణ, మృదంగం, వయొలిన్, నాదస్వరం బొమ్మలు కంప్యూటర్‌లో చూపించి, పక్కన రాసిన రెండేసి వాక్యాలు చదువుతారు. సంగీతం క్లాసుకు పోయే ఒక అమ్మాయి వీణ మీద కీర్తన వాయిస్తుంది. అవతలి పిల్లలు వాళ్లవి చూపిస్తారు. తర్వాత చప్పట్లు, గ్రూపు ఫోటో, వార్షిక నివేదికలో ఒక పేజీ.

చూడటానికి బాగానే ఉంటుంది. పిల్లలకు దక్కేది మాత్రం తక్కువ. నేను తిరుచ్చిలో పార్సెల్ ఆఫీసులో చాలా ఏళ్లు పని చేసినాను. మార్గళి కచేరీల కాలం వచ్చిందంటే వీణలు, మృదంగాలు, తంబురాలు గోనెపట్టా చుట్టుకుని మా కౌంటరు ముందుకు వచ్చేవి. ఎన్ని శాల్తీలు, ఎంత బరువు, ఎక్కడినుంచి ఎక్కడికి అని రాసి, మార్కా వేసి పంపించేవాళ్లం. లోపలున్నది ఎలా పలుకుతుందో ఆ కాగితంలో ఉండదు, ఉండక్కర్లేదు కూడా. అది సరుకు కాగితం. పిల్లలకు ఒక వాద్యాన్ని పేరు, బొమ్మ, రెండు వాక్యాలుగా చెప్పి ముగిస్తే అదీ సరుకు కాగితమే అవుతుంది.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. మా మనవరాలు చదివే బడిలో ఇలాంటిదే ఒక ప్రాజెక్టు జరిగింది. వేరే దేశపు బడితో వాద్యాల మీద పరిచయం. పిల్లలు ఇంటర్‌నెట్‌లో దొరికిన సితార్, తబలా, సారంగి బొమ్మలు ప్రింటు తీసి చార్టు మీద అంటించినారు. అవతలి పిల్లవాడు ఒకడు, "వీటిలో మీ వీధిలో వినబడేది ఏది?" అని అడిగినాడట. క్లాసులో ఒక్కరూ నోరు తెరవలేదు. తిరుచ్చిలో ఉండి, తెల్లవారుజామున గుడిలో నాదస్వరం వింటూ నిద్ర లేచే పిల్లలకు ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు. పిల్లల తప్పు కాదు. వాళ్ల చేతికి ఎవరూ ఏదీ ఇవ్వలేదు, వాళ్లకు తెలిసినదాని గురించి ఎవరూ అడగలేదు.

అందుకే నా మొదటి మాట: తెర ముందుకు పోకముందు, వాద్యమూ దాన్ని వాయించే మనిషీ ఇద్దరూ మన బడిలోకి రావాలి.

మృదంగం తీసుకోండి. ఎడమ మొహానికి నీళ్లతో తడిపిన రవ్వ ముద్ద అంటించి, అది అంటించక ముందు ఒకసారి, అంటించినాక ఒకసారి పిల్లలతో కొట్టించండి. వంటింటి రవ్వ గొంతు ఎలా మారుస్తుందో చెవితో తెలుస్తుంది. తవిల్, అంటే మన డోలు, వాయించే ఆయన కుడిచేతి వేళ్లకు గట్టి తొడుగులు వేసుకుంటాడు, ఎడమచేత్తో పుల్ల పడతాడు. ఆ తొడుగు ఒకటి పిల్లవాడి వేలికి పెట్టి చూడనివ్వండి. నాదస్వరం చివర ఉండే పీక రెల్లు జాతి గడ్డితో చేస్తారు. ఒట్టి పీక ఊదితే ఏం వస్తుంది, కొయ్యకు బిగిస్తే ఏం వస్తుంది? ఇది సైన్సు పాఠం కూడా. ఇంత చూసిన పిల్లకు మారిషస్ పిల్లలతో చెప్పడానికి వాక్యాలు ఎవరూ రాసివ్వక్కర్లేదు.

మనం ఉన్న చోటు మామూలు చోటు కాదు. తంజావూరు వీణ పనసకర్రతో తయారయ్యేది మనకు గంట ప్రయాణంలో. మన నాదస్వరాలకు పేరుపడ్డ నరసింగంపేట కుంభకోణం దాటినాక. అక్కడ పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే దూలాల, స్తంభాల ఆచ్చా కర్రను ఏరి తెచ్చి వాద్యాలు తయారు చేస్తారు. పచ్చి కర్ర పనికిరాదు, ఏళ్ల తరబడి ఎండిన కర్ర కావాలి. 2022లో ఆ నాదస్వరానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కచేరీల్లో వాయించే ఘటం మానామదురై కుమ్మరులది. తిరుచ్చి నుంచి కారైక్కుడి మీదుగా నేరు రైలు ఉంది. పిల్లల్ని తీసుకుపోవడానికి సెలవురోజు ఒకటి చాలు.

ఇవన్నీ తమిళ వాద్యాలు కదా, మన తెలుగుతనం ఎక్కడ అని కొందరు అడుగుతున్నారు. జవాబు చెబుతాను. మన వీణకు ఇరవై నాలుగు మెట్లు కదలకుండా బిగించిన రూపం తంజావూరు రఘునాథ నాయకుడి కాలంలో వచ్చిందని సంగీతం చదివినవాళ్లు చెబుతారు. ఆయన తెలుగులో కావ్యాలు రాసిన రాజు. త్యాగరాజస్వామి తిరువయ్యారులో కూర్చుని రాసినవి ఎక్కువ తెలుగు కీర్తనలే. తెలుగు మాట్లాడని నాదస్వర విద్వాంసులు కూడా వాటిని తరతరాలుగా ఊదుతున్నారు. షేక్ చినమౌలానాగారు ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి, తంజావూరు బాణీ మీద మోజుతో ఇటు వచ్చి, శ్రీరంగంలో స్థిరపడిపోయినారు. 1977లో పద్మశ్రీ అందుకున్నారు. తెలుగువాడు, ముసల్మాను, రంగనాథుడి ఊళ్లో నాదస్వరం. కావేరి ఒడ్డున తెలుగు ఎట్లా బతికిందో చెప్పడానికి మన పిల్లలకు ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముంది? వాద్యానికి భాష లేదు, వాయించినవాళ్ల చరిత్రకు ఉంది. అందులో మన వాటా ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కమిటీలో గొంతులు పెరిగింది ఇక్కడే.

వాద్యాల జాబితాలో డప్పు, ఉరుము కూడా చేర్చాలని మన బడి టీచరమ్మ అడిగినారు. ఒక పెద్దాయన, నాకు చాలా గౌరవం ఉన్న మనిషి, "చావు మేళం పిల్లలకు చూపిస్తామా? విదేశాలవాళ్ల ముందు మన పరువు ఏమవుతుంది?" అన్నారు. ఇంకొందరు తల ఊపినారు. టీచరమ్మ ఊరుకున్నారు. జాబితా నాలుగు వాద్యాల దగ్గర ఆగిపోయింది.

పెద్దాయన మీద కోపంతో రాయడం లేదు. ఆయన పెరిగిన కాలంలో అందరూ అట్లాగే అనుకున్నారు. కానీ అవతల నుంచి ఆ పిల్లలు ఏం తెస్తారో ఒకసారి ఆలోచించండి. వాళ్లు తెచ్చేది రవాన్. మేకతోలు బిగించిన గుండ్రటి పలక వాద్యం. అక్కడి సెగా పాటకు, ఆటకు అదే ప్రాణం. ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల వాద్యం అది. ఒకప్పుడు ఆ దీవిలో పెద్దింటివాళ్లు దాన్ని హీనంగా చూసినారు. ఈనాడు అదే ఆ దేశపు గుర్తు. 2014లో యునెస్కో ఆ సెగాను మానవాళి వారసత్వంగా గుర్తించింది. ఒకప్పుడు కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కి పోయి, అక్కడ కోరంగివాళ్లు అని పేరు పడిన మన తెలుగువాళ్ల మునిమనవలు కూడా రవాన్‌ను మా దేశపు వాద్యం అని గర్వంగా చూపిస్తారు.

రవాన్ వాయించే ముందు ఏం చేస్తారో తెలుసా? మంట దగ్గర పట్టి కాచుతారు. తోలు బిగిసి గొంతు లేస్తుంది. మన డప్పుకు చేసేదీ అదే. తమిళనాట పరైకి చేసేదీ అదే. హిందూ మహాసముద్రానికి అటు ఇటు ఉన్న రెండు ఊళ్లలో, ఒకరినొకరు చూడని మనుషులు ఒకే మంటకు తోలు కాచుతున్నారు. ఇది కళ్లతో చూస్తే పిల్లలు జన్మలో మరిచిపోరు. ఈ ముచ్చట వీణ దగ్గర దొరకదు, డప్పు దగ్గరే దొరుకుతుంది. మనం జాబితా నుంచి తీసేసింది సరిగ్గా దాన్నే.

పరై వాయించేవాళ్ల పేరు ఇంగ్లీషులోకి పోయి, వెలివేసినవాడు అనే అర్థంలో డిక్షనరీకి ఎక్కింది. మన ప్రాంతం ప్రపంచానికి ఇచ్చిన మాటల్లో అదొకటి. అది మనకు గొప్ప కాదు. ఆ పరైనే వాయించి మదురై పక్క వేలు ఆసాన్‌గారు 2025లో పద్మశ్రీ అందుకున్నారు. దేశం నెత్తిన పెట్టుకున్నదాన్ని మన సంఘం గుమ్మం బయట నిలబెడుతుందా? పరువు పోతుందంటున్నారు. అవతలి పిల్లలు అంత ధైర్యంగా రవాన్ చూపిస్తుంటే, మనం డప్పును దాచిపెట్టి కూర్చుంటే పోయేది పరువు కాదా?

ఉరుము సంగతీ అంతే. ఒక పక్క పుల్లతో కొట్టి, రెండో పక్క వంకర పుల్లతో రాస్తే పులి గుర్రుమన్నట్టు పలుకుతుంది. తమిళంలో ఉరుమి అంటారు. అనంతపురం వైపు ఉరుముల నృత్యం అని ఒక పూర్తి కళే దాని మీద నడుస్తుంది. మన దక్షిణ జిల్లాల్లో రాజకంబళ నాయకర్లు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ దేవరాట్టం ఆడతారు. దానికి మోగే దేవదుందుభి ఈ ఉరుముకు చుట్టమే. ఇవి మన ఇంటి వాద్యాలు. బొమ్మలు వెతకడానికి ఇంటర్‌నెట్‌కు పోనక్కర్లేదు.

ఇంకొక సంగతి. మన వీధుల్లోకి అప్పుడప్పుడు ఎద్దును అలంకరించుకుని, బూర, ఉరుము పట్టుకుని వస్తారే, తమిళంలో పూంపూం మాట్టుకారర్ అంటాం. వాళ్ల ఇంటి భాష ఏమిటో మనలో ఎంతమందికి తెలుసు? తెలుగు. మన గంగిరెద్దులవాళ్లే వాళ్లు. మనలాగే ఎప్పుడో వచ్చి ఇక్కడ నిలిచిపోయినవాళ్లు. మనకు సంఘం ఉంది, కట్టడం ఉంది, వార్షికోత్సవం ఉంది. వాళ్లకు లేవు. తెలుగు నిలబెట్టాలని మీటింగు పెట్టుకుని, గేటు దగ్గర తెలుగులో మాట్లాడే మనిషిని తమిళంలో పొమ్మంటున్నాం. ఆ మనిషిని ఒక ఆదివారం బడికి పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, పిల్లలు తెలుగులో ప్రశ్నలు అడిగితే ఎట్లా ఉంటుంది? సిలబస్‌లో లేని పాఠం అది.

భాషకు కూడా ఇందులో లాభం ఉంది. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు అక్షరాలు ముప్పై దాటినాక, గూడూరు మీదుగా డ్యూటీ మీద పోయేటప్పుడు స్టేషన్ బోర్డులు చూసి కూడబలుక్కుని నేర్చుకున్నాను. నాకు అనుభవంలో తెలిసిన విషయం ఒకటే. వస్తువును ముట్టుకున్నప్పుడు దాని మాట మనసులో నిలుస్తుంది. మెట్టు, తీగ, బిరడా, పీక, తోలు, వారు, శ్రుతి, దరువు: వాద్యం పట్టుకున్న పిల్లకు ఒక్క పూటలో వచ్చే తెలుగు మాటలివి. మన సామెతలు చూడండి. రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు అంటాం. గంగిరెద్దులా తల ఊపకు అంటాం. తన డప్పు తానే కొట్టుకుంటున్నాడు అంటాం. మద్దెలనూ గంగిరెద్దునూ డప్పునూ చూడని పిల్లకు ఇవి ఒట్టి శబ్దాలు. మారిషస్ పిల్లల ఇంటి మాట క్రియోల్, మన పిల్లల బడి మాట తమిళం. ఇద్దరికీ మధ్య ఉన్న వంతెన తెలుగే. కాబట్టి మొత్తం కార్యక్రమం తెలుగులోనే జరగాలి. తడబడినా సరే, ఇంగ్లీషులోకి దూకకూడదు.

ఇక అభ్యంతరాలు.

"వాద్యం గురువు దగ్గర నేర్చుకోవాలి గాని తెరమీద వస్తుందా?" అన్నారు. రాదు, ఒప్పుకుంటాను. నాలుగు ఆదివారాల్లో ఎవరూ విద్వాంసులు కారు. మనం ఇక్కడ వాయించడం నేర్పడం లేదు. ఆ వాద్యం ఏమిటో, ఎవరిదో తెలియజేస్తున్నాం. అందులో నుంచి ఒక్క పిల్ల నాకు నేర్చుకోవాలనుంది అంటే అది మన లాభం. జపాన్‌లో చూడండి. 2002 నుంచి అక్కడి మిడిల్ స్కూల్ మూడేళ్లలో ప్రతి పిల్లా కనీసం ఒక జపాన్ సంప్రదాయ వాద్యాన్ని పట్టి చూడాలని పాఠ్య ప్రణాళికలోనే పెట్టినారు. అందరూ వాద్యకారులు కావాలని కాదు, తమ దేశపు నాదం చెవికి పరాయిది కాకూడదని.

"పిల్లలకు చదువు భారం" అన్నారు. నెలకు ఒక్క ఆదివారం, అదీ బడి వేళలోనే. కొత్తగా ఒక్క గంట కూడా అడగడం లేదు.

"ఖర్చు" అన్నారు. ఉగాది సాయంత్రం సినిమా పాటల ఆర్కెస్ట్రాకు మనం ఎంత ఇస్తున్నామో కోశాధికారిగారికి తెలుసు. అందులో ఒక భాగం చాలు. కానీ ఒక షరతు. వచ్చే వాద్యకారులకు డబ్బు ముందే మాట్లాడుకుని, కవరులో పెట్టి, గౌరవంగా ఇవ్వాలి. అందరూ తిన్నాక మిగిలింది పెట్టడం కాదు, పిల్లలతో పాటు మొదటి పంక్తిలో భోజనం. వీణ వాయించే ఆమెకు ఎంతో, డప్పు వాయించే ఆయనకూ అంతే. పిల్లలు మనం చెప్పేది వినకపోయినా, ఇది చూస్తారు.

ఎట్లా నడపాలో కూడా రాసుకున్నాను. రైల్వే మనిషికి టైం టేబుల్ లేనిదే నిద్ర పట్టదు.

ఒక్కసారితో ముగించకుండా నాలుగు నెలలు, నెలకు ఒక కలయిక. మొదటి నెల నాదస్వరం, డోలు. రెండో నెల వీణ. మూడో నెల డప్పు, ఉరుము, అవతల నుంచి రవాన్. నాలుగో నెల ఏ వాద్యమూ వద్దు, ఒట్టి ప్రశ్నలు, జవాబులు. ప్రతి కలయికకు ముందు ఆదివారం ఆ వాద్యకారులు మన బడికి రావాలి.

మారిషస్ మనకంటే గంటన్నర వెనక. మనకు ఉదయం పది అయితే వాళ్లకు ఎనిమిదిన్నర. మనం పదకొండుకు పెట్టుకుంటే ఇద్దరికీ సుఖం. రేపు మలేషియా తెలుగు పిల్లలు కలుస్తామంటే వాళ్లు మనకంటే రెండున్నర గంటలు ముందు, వాళ్లకు మధ్యాహ్నం ఒకటిన్నర. అదీ కుదురుతుంది. అమెరికా బడులతో అయితే ఉదయం పనికిరాదు, మన రాత్రి ఏడు గంటలకు పెట్టుకోవాలి.

ఒక సాంకేతిక విషయం. వీడియోలో ధ్వని కాస్త ఆలస్యంగా చేరుతుంది. అందుకని రెండు వైపులా కలిసి వాయించాలని చూడకండి, తాళం తప్పుతుంది. ఒకరి తర్వాత ఒకరు వాయించాలి. ఇంకొకటి, ఈ యాప్‌లు మనిషి గొంతు తప్ప మిగతాదంతా రొద అనుకుని కోసేస్తాయి. తంబురా శ్రుతి మాయమైపోతుంది, డప్పు ముక్కలు ముక్కలుగా వినబడుతుంది. జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ అనే ఏర్పాటు ఉంది, ముందే పెట్టుకోండి. లేకపోతే ఇన్ని మాట్లాడి చివరికి ఏమీ వినబడకుండా పోతుంది.

చూపించడంతో పాటు అడగడం కూడా పిల్లలకు నేర్పాలి. ఇచ్చిపుచ్చుకోవడం అంటే రెండూ కదా. రవాన్ ఎవరు చేస్తారు, ఆడపిల్లలు వాయిస్తారా, చెరకు గడలతో కట్టి లోపల గింజలు పోసి ఊపే మరవాన్ అనే వాద్యం మీ ఇంట్లో ఉందా, మీ తాతల కాలంలో రామభజనలకు ఏం వాయించేవాళ్లు అని ఒక్కొక్కరూ ఒక ప్రశ్న తెలుగులో రాసుకుని రావాలి. ఆ జవాబుల్లో ఓడ ఎక్కి పోయిన మనవాళ్లు ఏ వాద్యాన్ని మరిచిపోలేదో మనకు తెలుస్తుంది. మన దగ్గర మాసిపోయింది ఏదైనా అక్కడ మిగిలి ఉండొచ్చు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ విషయం మళ్లీ వస్తుంది. నేను అడిగేది మూడే. జాబితాలో డప్పు, ఉరుము ఉండాలి. వాద్యకారులు ముందు మన బడికి రావాలి, వాళ్లకు సమానంగా సంభావన ఇవ్వాలి. కార్యక్రమం మొత్తం తెలుగులో జరగాలి. ఒప్పుకోనివాళ్లు ఇక్కడే కింద రాయండి, జవాబు చెబుతాను. పెద్దాయనకు మాత్రం నేనే ఇంటికి పోయి, ఎదురుగా కూర్చుని చెబుతాను. ఆయనతో ఇట్లాంటి మాట ఫోనులో మాట్లాడటం మర్యాద కాదు.

మీలో ఎవరికైనా డప్పు, ఉరుము వాయించేవాళ్లు తెలిసి ఉంటే టీచరమ్మకు చెప్పండి. పిల్లలు ఎదురు చూస్తున్నారు.